హార్ట్‌బ్రేక్ హిల్ ఎక్కేదెలా? సిడ్నీ సిటీ టు సర్ఫ్ 14 కి.మీ. గురించి తెలిసినవాళ్లు చెప్పండి

వెస్ట్‌మీడ్ వాసి · 1

అందరికీ నమస్కారం. ఆగస్టు రెండో ఆదివారం సిడ్నీ హైడ్ పార్క్ నుంచి బాండై బీచ్ దాకా జరిగే పరుగు పందెం సిటీ టు సర్ఫ్‌కి పేరిచ్చాను. పార్క్‌రన్‌లో (శనివారం పొద్దున పార్కుల్లో పెట్టే ఉచిత పరుగు) 5 కి.మీ.కి 30 నిమిషాలు పడుతోంది, అదీ చదును మీద. ఇంకా పది వారాలుంది, వారానికి నాలుగు రోజులు కుదురుతుంది. దారి మధ్యలో వచ్చే హార్ట్‌బ్రేక్ హిల్ అనే కొండ గురించి తలా ఒక మాట చెబుతున్నారు. ఒకాయన 'ఆ మిట్ట ఆగకుండా ఎక్కేస్తే చాలు, మిగతాదంతా దిగుడే' అంటాడు. ఇంకొకాయన 'అక్కడ నడిచెయ్' అంటాడు. ఏది నిజం? టైమ్ మీద మరీ పట్టింపు లేదు గానీ, చివర్లో కాళ్లీడ్చుకుంటూ రావడం ఇష్టం లేదు.

మిట్టపల్లం · 2

'మిగతాదంతా దిగుడే' అన్నవాణ్ణి నమ్మకండి. దారి ముందు మనసులో పెట్టుకోండి, శిక్షణ తర్వాత.

హైడ్ పార్క్ దగ్గర మొదలు. విలియం స్ట్రీట్ దిగి, కాస్త ఎక్కి, కింగ్స్ క్రాస్ టన్నెల్‌లోంచి బయటపడతారు. అక్కడి నుంచి రష్‌కటర్స్ బే దాకా పల్లం. ఒళ్లు చల్లగా, కాళ్లు కొత్తగా ఉంటాయి, చుట్టూ జనం కేకలు. అందరూ ఎగిరిపడేది ఇక్కడే. తర్వాత ఎడ్జ్‌క్లిఫ్ మిట్ట, దాని వెనక డబుల్ బే పల్లం, మళ్లీ ఒక మిట్ట, ఆపైన రోజ్ బే. అంటే అసలు కొండ రాకముందే రెండుమూడు మిట్టలు తొడల్లోంచి సుంకం వసూలు చేసేస్తాయి.

రోజ్ బేలో నీటి పక్కన చదును. అది దాటాక సుమారు 6వ కి.మీ. దగ్గర హార్ట్‌బ్రేక్ హిల్ మొదలై, వోక్లూజ్ వైపు దాదాపు 2 కి.మీ. ఎక్కుతుంది. నిట్టనిలువు కాదు. సగటున నాలుగు శాతం అటూ ఇటూ. దాని కుట్ర ఏమిటంటే, వంకర తిరిగిన ప్రతిచోటా 'అయిపోయింది' అనిపిస్తుంది, తిరిగాక ఇంకొంచెం కనిపిస్తుంది.

ఇక ఎవరూ చెప్పని ముక్క. 8 నుంచి 12 కి.మీ. దాకా ఓల్డ్ సౌత్ హెడ్ రోడ్, డోవర్ హైట్స్‌లో మిలిటరీ రోడ్. పటం మీద చూస్తే చదునులా ఉంటుంది. కాలికింద మాత్రం చిన్న చిన్న మిట్టలు వస్తూనే ఉంటాయి. కొండ మీద ఒళ్లు ఖాళీ చేసుకున్నవాళ్లు నడక మొదలుపెట్టేది ఎక్కువగా ఈ ముక్కలోనే. బాండై వైపు అసలు దిగుడు సుమారు 12 దగ్గర మొదలవుతుంది. క్యాంప్‌బెల్ పెరేడ్ చేరాక ముగింపు పక్కనే కనిపిస్తున్నా, ముందుకెళ్లి యూ-టర్న్ తిరిగి రావాలి. అక్కడ తొందరపడి స్ప్రింట్ మొదలుపెడితే మలుపు తిరిగేసరికి ఊపిరి ఉండదు.

బాండై బుల్లోడు · 3

+1. కొండ దగ్గర పరుగు పోదు. మొదటి 5 కి.మీ.లో పోతుంది, 10వ కి.మీ. దగ్గర తెలుస్తుంది. కొండ మధ్యలో నిలబడి నింద మోస్తుంది, అంతే.

లెక్కల మాస్టారు · 4

వెస్ట్‌మీడ్ గారూ, మీ 30 నిమిషాల నుంచి లెక్క కడదాం. దూరం పెరిగితే వేగం ఎంత తగ్గుతుందో చెప్పే రీగెల్ సూత్రం ఒకటుంది: దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి పెంచి పాత టైమ్‌తో గుణించడం. 14ని 5తో భాగిస్తే 2.8. దాని 1.06 ఘాతం సుమారు 2.98. అంటే చదును మీద 14 కి.మీ.కి 89 నిమిషాల పైచిలుకు, కి.మీ.కి 6:23. ఇది మీరు వారాంతాల్లో 12, 14 కి.మీ. పరుగెత్తి ఉంటేనే. 5 కి.మీ. తప్ప ఎరగని కాళ్లకి ఈ సూత్రం వర్తించదు.

మిట్టకి మోటు లెక్క: ప్రతి ఒక శాతం వాలుకి కి.మీ.కి 7 నుంచి 9 సెకన్లు పోతాయి. దిగేటప్పుడు తిరిగొచ్చేది ఒక శాతానికి 5 సెకన్లే. పోయినంతా రాదు, అందుకే ఎగుడుదిగుడు దారి ఎప్పుడూ నష్టమే. నాలుగు శాతం కొండ మీద కి.మీ.కి 28 నుంచి 36 సెకన్లు వదులుకోవాలి. కాబట్టి:

మొదటి 2 కి.మీ.: 6:30 చొప్పున (జనం వల్ల ఎలాగూ అంతే)
2 నుంచి 6: 6:25
6 నుంచి 8, కొండ: 7:00
8 నుంచి 12: 6:35
12 నుంచి 14: 6:15

కూడితే 91 నిమిషాల 30 సెకన్లు. నీళ్ల దగ్గర, మలుపుల దగ్గర ఒక నిమిషం పోతుంది. 93 లోపు వస్తే చాలా బాగా పరుగెత్తినట్టు.

బాండై బుల్లోడు · 5

మాస్టారూ, ఒక చిన్న సవరణ. వాచీ చూపించే వేగాన్ని ఆ రోజు నమ్మొద్దు. టన్నెల్‌లో జీపీఎస్ తెగిపోతుంది, బయటికొచ్చాక అది కి.మీ. వేగాన్ని ఇష్టమొచ్చినట్టు చూపిస్తుంది. పైగా జనాన్ని తప్పించుకుంటూ వంకర్లు తిరగడంతో వాచీలో చివరికి 14.2, 14.3 పడుతుంది. అంటే వాచీ 6:30 అంటే నిజానికి 6:36 అయుండొచ్చు. ఆటో-పాజ్ (ఆగితే వాచీ తనే ఆగిపోవడం) తీసేయండి, ఆటో-ల్యాప్ (కి.మీ. అయిందని వాచీ తనే గుర్తు పెట్టుకోవడం) కూడా తీసేసి రోడ్డు పక్కన కి.మీ. బోర్డు దాటినప్పుడు ల్యాప్ బటన్ చేత్తో నొక్కండి.

లెక్కల మాస్టారు · 6

ఒప్పుకుంటున్నా. మొత్తం గడిచిన టైమ్ మాత్రమే తెర మీద పెట్టుకుంటే ఇంకా మేలు. 6వ బోర్డు దగ్గర 38:40 ఉండాలి, 8 దగ్గర 52:40, 12 దగ్గర 79:00. ఈ మూడూ అరచేతి మీద పెన్నుతో రాసుకుంటే చాలు. 6వ బోర్డు 37 లోపే దాటారంటే సంబరపడకండి, అది అప్పు. వడ్డీ డోవర్ హైట్స్‌లో కట్టాలి.

కాలిపిక్క · 7

శిక్షణ నేను చెబుతాను. నాలుగు రోజులు చాలు.

ఒక రోజు కొండ. మొదటి మూడు వారాలు చిన్నవి: 200 మీటర్ల పొడవు, 5 శాతం వాలు, అంటే పైకి వెళ్లేసరికి 10 మీటర్లు ఎత్తు పెరగాలి. ఫోన్ మ్యాప్‌లో ఎత్తు చూస్తే తెలుస్తుంది. 6 సార్లతో మొదలుపెట్టి 10కి. ఎక్కేటప్పుడు రెండు మూడు మాటలు మాట్లాడగలిగే ఆయాసం, దిగేటప్పుడు మెల్లగా జాగింగ్. ఆఖరి ఎక్కుడు మొదటిదానితో సమానంగా రావాలి. రాకపోతే మొదట్లో ఎక్కువ తోసినట్టే. నాలుగో వారం నుంచి పొడవైనవి: 6 నుంచి 8 నిమిషాలు ఎక్కుతూ, 3 సార్లు. హార్ట్‌బ్రేక్ మీ వేగానికి 14 నిమిషాల పని. అర నిమిషం ఎక్కుళ్లు ఎన్ని చేసినా ఆ ఓర్పు రాదు. చాలామంది తప్పుచేసేది ఇక్కడే.

ఒక రోజు సులువుగా 6, 7 కి.మీ. శనివారం పార్క్‌రన్, కానీ నెలకి రెండుసార్లే గట్టిగా. ఆదివారం పొడవు పరుగు: 8 కి.మీ.తో మొదలుపెట్టి, వారానికి దాదాపు ఒకటిన్నర చొప్పున పెంచుతూ, నాలుగోవారం తగ్గిస్తూ, రేసుకి మూడు వారాల ముందు 15 కి.మీ. వీటిలో కనీసం మూడు ఎగుడుదిగుడు దారుల్లో ఉండాలి. వీలైతే ఒక ఆదివారం పొద్దున్నే అసలు దారిలోనే, ఫుట్‌పాత్ మీద, రోజ్ బే నుంచి బాండై దాకా 8 కి.మీ. పరుగెత్తండి. వంద సలహాల పెట్టు.

పిక్కలు, మడమ వెనక స్నాయువు (అకిలీస్) కొండలకి ముందు మొరాయిస్తాయి. మెట్టు అంచున ముందు పాదాలతో నిలబడి మడమ కిందికి దించి పైకి లేపడం, రోజు విడిచి రోజు, ఒక్కో కాలికి 15 చొప్పున 3 విడతలు. పొద్దున లేచి మొదటి అడుగులు వేసేటప్పుడు మడమ వెనక పట్టేస్తుంటే ఆ వారం కొండలు మానేయండి, చదును మీద తిరగండి.

నిదానం · 8

చుట్టుపక్కల కొండ లేకపోతే ట్రెడ్‌మిల్ వాలు 4 శాతం మీద పెట్టి 8 నిమిషాలు, 3 సార్లు. సరిపోతుంది కదా. ఊళ్లు తిరగడం ఎందుకు?

మిట్టపల్లం · 9

ఎక్కడానికి సరిపోతుంది. దిగడానికి? మామూలు ట్రెడ్‌మిల్‌కి పల్లం ఉండదు. కాళ్లు పాడయ్యేది దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది, ఆయాసం వస్తుంది, ఆగితే పోతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువుని ఆపాలి. ఆ సాగుడులో కండర పోగులు సన్నగా చిట్లుతాయి. ఆయాసం రాదు కాబట్టి ఏమీ కాలేదనుకుంటాం. రేసులో రష్‌కటర్స్ బే పల్లం, డబుల్ బే పల్లం దడదడా దిగితే 11వ కి.మీ.లో తొడలు కొయ్యబారతాయి. మర్నాడు, ఆ మర్నాడు స్టేషన్ మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి.

మందు ఒకటే: ముందే కొద్దికొద్దిగా దిగి అలవాటు చేయడం. ఒకసారి దెబ్బతిని కోలుకున్న కండరం కొన్ని వారాలపాటు రెండోసారి అంతగా దెబ్బతినదు. అందుకని 400 మీటర్ల మెత్తని పల్లం, 4 సార్లు, కొంచెం వేగంగా దిగడం, రెండు వారాలకొకసారి. ఆఖరిది రేసుకి 10 నుంచి 14 రోజుల ముందు. రేసు వారంలో మాత్రం చేయొద్దు.

నిదానం · 10

సరే, ఆ ముక్క నాకు తట్టలేదు. ట్రెడ్‌మిల్ సగం పనే.

మెట్లదారి · 11

వైజాగ్‌లో ఉన్నవాళ్లకి కైలాసగిరి ఘాట్ రోడ్డు ఉండనే ఉంది, తెల్లవారుజామున బళ్లు తక్కువ. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్క్ బయటి చుట్టు, జూబ్లీహిల్స్ రోడ్లు. రెంటిలోనూ ఎక్కుడూ దిగుడూ దొరుకుతాయి.

అలిపిరి మెట్లెక్కితే చాలు అనేవాళ్లు ఉంటారు. 3,550 మెట్లు ఎక్కడం గుండెకి మంచిదే. కానీ మెట్టు మీద పాదం చదునుగా పడుతుంది, వాలు మీద చీలమండ వంగాలి, పిక్క ఎక్కువ సాగాలి. రెండూ వేర్వేరు. మెట్లు స్వామి కోసం ఎక్కండి, రేసు కోసం రోడ్డెక్కండి.

కాలిపిక్క · 12

ఎక్కే పద్ధతి అడిగారు కదా, అదీ చెప్పేస్తా. అడుగు చిన్నది, వడి అదే. మామూలుగా నిమిషానికి 165 అడుగులు పడుతుంటే కొండ మీదా దాదాపు అన్నే పడాలి, పొడవు మాత్రం తగ్గాలి. నడుం దగ్గర వంగొద్దు. వంగితే ఊపిరికి చోటుండదు, పిరుదుల కండరాలు పని మానేస్తాయి. చీలమండ దగ్గర నుంచి ఒళ్లంతా ఒకే గీతగా కొంచెం ముందుకి. చూపు 15, 20 మీటర్ల ముందు రోడ్డు మీద. కొండ కొస చూడొద్దు, అది మనసు విరిచేస్తుంది. మోచేతులు వెనక్కి లాగితే మోకాళ్లు వాటంతటవే లేస్తాయి.

కొస దాటగానే ఆగొద్దు, దౌడూ తీయొద్దు. మరో 100 మీటర్లు అదే శ్రమతో, అడుగు మెల్లగా పొడుగు చేసుకుంటూ వెళ్లండి. ఊపిరి దానంతట అదే కుదురుకుంటుంది.

దిగేటప్పుడు వెనక్కి వాలి మడమతో బ్రేకు వేస్తే ప్రతి అడుగూ మోకాలికి సుత్తి దెబ్బ. పాదం ఒంటి కిందే పడాలి, అడుగులు చిన్నగా, వడిగా, చేతులు కాస్త విడివిడిగా. పాదాల చప్పుడు వినండి: టపటప మోగుతుంటే తప్పు, మెత్తగా వినిపిస్తే ఒప్పు.

వెస్ట్‌మీడ్ వాసి · 13

నడక సంగతి ఎవరూ చెప్పలేదు. నడిస్తే తప్పా?

నిదానం · 14

తప్పేం లేదు, ప్లాన్‌తో నడిస్తే. అలిసిపోయాక నడిచేవాడు మళ్లీ పరుగు అందుకోలేడు. అలవకముందే నడిచేవాడు అందుకుంటాడు. 90 సెకన్లు పరుగు, 30 సెకన్లు చురుకైన నడక, కొండ మొదట్లోనే ఆరంభించండి. వాచీ వద్దనుకుంటే కరెంటు స్తంభాలు లెక్కపెట్టండి: మూడు పరుగు, ఒకటి నడక. చాలా నెమ్మదిగా పరుగెత్తడానికీ గట్టిగా నడవడానికీ నాలుగు శాతం మీద తేడా తక్కువ. 2 కి.మీ. మొత్తానికి పోయేది ఒక నిమిషం, నిమిషంన్నర.

మర్యాద ఒకటుంది: నడవబోయే ముందు ఎడమ పక్కకి జరగండి. ఉన్నచోటే ఠక్కున ఆగితే వెనకవాడు మీ వీపు మీదికి వస్తాడు. నలుగురు చేతులు పట్టుకుని అడ్డంగా నడవడం మాత్రం మహాపాపం.

చద్దన్నం · 15

తిండి గురించి. రేసుకి రెండున్నర గంటల ముందు రెండు మూడు ఇడ్లీలు, చిటికెడు ఉప్పు, లేదా కొంచెం తేనె. సాంబారు వద్దు, కారప్పొడి నెయ్యి అసలు వద్దు. కొవ్వు పొట్టలో కూర్చుంటుంది, కారం కొండ మీద గొంతులోకి వస్తుంది. పెసరట్టు బంగారమే గానీ పప్పు అరగడానికి టైమ్ పడుతుంది, అది రేసయ్యాక. ఉప్మా అయితే నూనె తగ్గించి, జీడిపప్పు తీసేసి. ఒక అరటిపండు గంట ముందు. కాఫీ అలవాటుంటే తాగండి, బాత్రూమ్ పని కూడా ఇంట్లోనే అయిపోతుంది. హైడ్ పార్క్ దగ్గర మొబైల్ టాయిలెట్ల క్యూ చూశాక నా మాట విలువ తెలుస్తుంది. ముందు రాత్రి పెరుగన్నం, లేదా తక్కువ పప్పుతో అన్నం. పెళ్లి భోజనంలా నింపొద్దు.

గంటన్నర పరుగుకి జెల్ (పరుగు మధ్యలో శక్తి కోసం మింగే తీపి ముద్ద) తప్పనిసరి కాదు. తీసుకునేదుంటే ఒక్కటే, రోజ్ బేలో, నీళ్లతో, కొండ మొదలవకముందు. కొండ మధ్యలో రొప్పుతూ జెల్ మింగితే కడుపులో తిప్పుతుంది. శిక్షణలో రెండుసార్లు వాడనిది ఆ రోజు వాడొద్దు. నీళ్లు రెండు మూడు చోట్ల రెండేసి గుక్కలు. కప్పు పైఅంచు నొక్కి మూతిలా చేసుకుని తాగితే ముక్కులోకి పోవు. బల్లల వరసలో మొదటిదాని దగ్గర గుంపు ఉంటుంది, ఆఖరి బల్ల దగ్గర తీసుకోండి.

పెద్దాయన 61 · 16

హైదరాబాదు నుంచి ఆగస్టులో మా అమ్మాయి దగ్గరికి వస్తున్నాను. రోజూ 6 కి.మీ. నడక. బీపీ మాత్ర ఉంది. నడుస్తూ ఇందులో పాల్గొనవచ్చునా?

నిదానం · 17

నిక్షేపంగా, బాబాయ్ గారూ. చివరి గ్రూపు నడిచేవాళ్లదే, పిల్లాజెల్లా అంతా ఉంటారు. అయితే వచ్చేముందు మీ డాక్టరుకి '14 కి.మీ., కొండ ఉంది' అని స్పష్టంగా చెప్పి అడగండి, ముఖ్యంగా మీది ఒంట్లో నీరు బయటికి పంపే మాత్ర అయితే. ఆదివారాల్లో నడక 10, 12 కి.మీ. దాకా పెంచండి. కొండ మీద ఛాతీ పట్టినట్టున్నా, తల తిరిగినా, ఎడమ చెయ్యి లాగినా 'ఇంకొంచెమే' అనుకోవద్దు. అక్కడే పక్కకి తప్పుకుని వాలంటీర్‌ని పిలవండి.

ఇంకో మాట. ఆగస్టులో సిడ్నీ టైమ్ ఇండియా కంటే నాలుగున్నర గంటలు ముందు. ఇక్కడ పొద్దున 9 అంటే మీ ఒంటికి తెల్లవారుజామున 4:30. కనీసం నాలుగైదు రోజులు ముందు చేరుకోండి. ఇక్కడది చలికాలం, పొద్దున 8, 10 డిగ్రీలుంటుంది. మీ అమ్మాయిని పాత స్వెట్టరొకటి తీసి పెట్టమనండి.

మెట్లదారి · 18

స్వెట్టర్ గురించి: ఆరంభం దగ్గర అరగంట పైన నిలబడాలి. పాత చొక్కా వేసుకుని, గ్రూపు కదిలేముందు పక్కన వదిలేయండి. అలా వదిలిన బట్టలు ఏరి దానానికి ఇస్తారు. నడుముకి కట్టుకుని 14 కి.మీ. మోయడం, రోడ్డు మధ్యలో పారేయడం రెండూ తప్పే. రెండోది వెనకవాళ్ల కాళ్లకి చుట్టుకుంటుంది.

బాండై బుల్లోడు · 19

వేషాలేసుకుని పరుగెత్తేవాళ్లు చాలామంది ఉంటారు కదా, మనవాళ్లు పంచెకట్టులో వెళ్తే ఎలా ఉంటుంది?

చద్దన్నం · 20

ఫొటోకి బ్రహ్మాండం. నూలు పంచె చెమట పీల్చి బరువెక్కి 5 కి.మీ.కల్లా తొడలు ఒరుచుకుపోతాయి. కట్టి తీరాలంటే లోపల బిగుతు లాగు, గోచీ మడతలు దాని మీద కుట్టించేయాలి, జరీ అంచు లోపలివైపు రాకూడదు. మోకాలి కిందికి దిగితే దిగుడులో బొక్కబోర్లా పడతారు. తొడలకి, చంకలకి వాజలీన్. కొబ్బరినూనె అరగంటలో ఇంకిపోతుంది, పనికిరాదు.

కాలిపిక్క · 21

బూట్లు: కొత్తవి వద్దు, కనీసం 50 కి.మీ. పరుగెత్తినవి. దిగుడులో పాదం ముందుకి జారి గోళ్లు నల్లబడతాయి. మూడు రోజుల ముందు గోళ్లు కత్తిరించండి, తాడుని ఆఖరి చిల్లుల్లోకి ఉచ్చులా దూర్చి, ఎదుటి తాడుని ఆ ఉచ్చులోంచి లాగి బిగిస్తే మడమ కదలదు. వేళ్ల దగ్గర మాత్రం వదులుగానే ఉండాలి.

వెస్ట్‌మీడ్ వాసి · 22

అందరికీ ధన్యవాదాలు. జనాన్ని రంగుల పేర్లతో గ్రూపులుగా వదులుతారట కదా, ఆ సంగతి? నాకు ముందు గ్రూపు దొరుకుతుందా?

మిట్టపల్లం · 23

రెడ్, గ్రీన్‌లకి పాత టైమ్ రుజువు కావాలి, మీ వేగానికి వాటి జోలికి వెళ్లకండి. బ్లూ తీసుకోండి, గ్రూపులో మధ్యకి కాస్త ముందుగా నిలబడండి. మీకంటే వేగమైనవాళ్ల మధ్య నిలబడితే వాళ్లు లాక్కుపోతారు, నడిచేవాళ్ల వెనక నిలబడితే మొదటి 3 కి.మీ. సందులు వెతుక్కోవడమే. టైమ్ నమోదు చేసే చిప్ నంబరు కాగితం వెనక ఉంటుంది, మీ టైమ్ గీత దాటాకే మొదలవుతుంది, కాబట్టి ఆలస్యంగా కదిలారని కంగారొద్దు. నంబరు మడవొద్దు, జాకెట్ కింద దాచొద్దు.

సందులు వెతుక్కుంటూ అటూ ఇటూ దూకడం కంటే ఒక పక్క పట్టుకుని ఓపిగ్గా వెళ్లడం మేలు. ఒక్కో దూకుడూ చిన్న స్ప్రింటే, ఇరవై దూకితే ఆ శక్తి కొండ మీద లెక్కలోకి వస్తుంది.

సరదాకి: మొదటి సిటీ టు సర్ఫ్ 1971లో. మగవాళ్ల రికార్డు 1991లో స్టీవ్ మొనెగెట్టి పెట్టిన 40:03. కొండతో కలిపి కి.మీ.కి 2:52. మనం రోజ్ బే చేరేసరికి ఆయన బాండైలో స్నానం చేసేసి ఉంటాడు.

లెక్కల మాస్టారు · 24

స్నానం కాదు గానీ, వెస్ట్‌మీడ్ గారు 6వ బోర్డు దగ్గర ఉండేది 38:40కి. మొనెగెట్టికి అప్పటికింకా దాదాపు నిమిషంన్నర పరుగు మిగిలే ఉంది.

వెస్ట్‌మీడ్ వాసి · 25

హహ. ఆఖరి ప్రశ్న. తిరుగు ప్రయాణం ఎలా? కారు పెట్టుకోవచ్చా?

మెట్లదారి · 26

కారు మాట మరిచిపోండి, రోడ్లు మూసేస్తారు. పోయేటప్పుడు రైల్లో మ్యూజియం లేదా సెయింట్ జేమ్స్ స్టేషన్‌లో దిగితే హైడ్ పార్క్ పక్కనే. వచ్చేటప్పుడు బాండైలో స్టేషన్ లేదు. బస్సులో బాండై జంక్షన్ చేరి అక్కడ రైలెక్కాలి. బస్సు క్యూ పొడుగ్గా ఉంటే జంక్షన్‌కి నడవండి, రెండున్నర కి.మీ. ఉంటుంది. కాళ్లు పట్టేయకుండా ఉండటానికి అదీ మంచిదే. కాకపోతే అదీ ఎక్కుడే.

వెస్ట్‌మీడ్ వాసి · 27

ఇంకో కొండా!